పగిలిన ప్లాస్టిక్ అతుకుతుందా?

గుడ్డ చినిగితే సూదీ దారంతో కుడతాం. ఇత్తడి బిందెకు చిల్లుపడితే మాటు వేయిస్తాం. తాడు తెగితే ముడి వేస్తాం. ఎడ్లబండి చక్రం సడలితే ఇనుప పట్టా బిగిస్తాం. ఇలా మన పెద్దలు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క రకం అతుకు కనిపెట్టారు. వస్తువు స్వభావం తెలిసి వేసిన అతుకే నిలుస్తుంది. బిందెకు కుట్టు పనికిరాదు, గుడ్డకు మాటు పనికిరాదు. మరి ప్లాస్టిక్ పగిలితే ఏం చేయాలి?

"పారేసి కొత్తది కొనుక్కోవాలి" అంటారు చాలామంది. ఇంట్లో బకెట్టు అయితే అలాగే చేయవచ్చు. కాని దూరప్రయాణంలో మోటారు సైకిలు ప్లాస్టిక్ భాగం పగిలితే? మా పెనుగొలను నుండి తిరువూరు వెళితే 30వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుండి కొండపల్లి, మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, కుంట, సుక్మాల మీదుగా ఆ దారి జగదల్‌పూర్ చేరుతుంది. భద్రాచలం దాటాక అడవులే ఎక్కువ. అక్కడ విడిభాగాల దుకాణం కోసం వెతకడం వృథా. పగిలిన ముక్క ఊగుతూ ఊగుతూ ఊడి చక్రంలో పడితే బండికీ, బండి మీది మనిషికీ కూడా ప్రమాదమే. అందుకని ఈ నెల పాఠంలో ప్లాస్టిక్ ఎందుకు పగులుతుందో, పగులు ఎలా పాకుతుందో, దారిలో ఉన్న సామానుతోనే దాన్ని ఎలా ఆపవచ్చో తెలుసుకుందాం.

పిల్లలూ! మీకు ఇంకా బండి నడిపే వయస్సు రాలేదు. గేర్ల మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండి, లైసెన్సు ఉండాలి. కాని బండి బాగుచేసే పద్ధతి వెనుక ఉన్న విజ్ఞానం నేర్చుకోవడానికి వయస్సుతో పనిలేదు.

రేకు పోయి ప్లాస్టిక్ వచ్చింది

మీ తాతగారి నాటి బుల్లెట్, రాజ్‌దూత్, ఎజ్డీ బండ్లను చూశారా? వాటి మడ్‌గార్డులు, పక్క మూతలు ఇనుప రేకుతో చేసినవి. దెబ్బ తగిలితే సొట్ట పడేది, సుత్తితో కొట్టి సరిచేసేవారు. 1985లో హీరో హోండా సీడీ 100 వంటి తేలిక బండ్లు మన దేశంలో వచ్చాయి. ఆ తరువాత క్రమంగా బండ్ల మీద ప్లాస్టిక్ భాగాలు పెరిగాయి. ప్లాస్టిక్ తేలిక, తుప్పు పట్టదు, అచ్చులో పోస్తే ఎలాంటి వంపైనా తిరుగుతుంది. బండి బరువు తగ్గితే పెట్రోలు ఆదా అవుతుంది. అయితే దానికి ఉన్న లోపం ఒకటే. రేకు వంగుతుంది, ప్లాస్టిక్ పగులుతుంది.

కొబ్బరి తాడు చెప్పే రహస్యం

ప్లాస్టిక్ అంటే ఏమిటి? కొబ్బరి తాడును ఒకసారి విప్పి చూడండి. అందులో పీచు పోగు ఒక్కొక్కటి పొట్టిగానే ఉంటుంది. అయినా తాడు ఎన్నో బారల పొడవు ఉంటుంది, గేదెను కట్టినా తెగదు. ఎంచేతంటే పోగులు ఒకదానితో ఒకటి పురిపడి, చిక్కుపడి ఉంటాయి. ప్లాస్టిక్ కూడా అంతే. చిన్న చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసుల్లాగ కలిసి ఏర్పడిన బృహదణువులు దానిలో పోగుల వంటివి. ఈ సంగతిని 1920లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించాడు. అంత పెద్ద అణువులు ఉండవని తోటి శాస్త్రజ్ఞులు మొదట నమ్మలేదు. చివరకు ఆయన మాటే నిజమని తేలింది. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ప్లాస్టిక్కులు రెండు రకాలు. మొదటి రకంలో గొలుసులు విడివిడిగా ఉండి, చిక్కుపడి మాత్రమే ఉంటాయి. వేడిచేస్తే మెత్తబడతాయి, చల్లారితే మళ్ళీ గట్టిపడతాయి. వీటిని థర్మోప్లాస్టిక్కులు అంటారు. బెల్లం పాకం గుర్తుచేసుకోండి. రెండవ రకంలో గొలుసుల మధ్య అడ్డంగా రసాయన బంధాలు ఉంటాయి. ఒకసారి గట్టిపడితే ఇక కరగవు. వీటిని థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్కులు అంటారు. ఉడికిన కోడిగుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కానట్టే ఇవీ మొదటి స్థితికి రావు. ప్రెషరు కుక్కరు పిడికి వాడే బేకలైటు ఈ రకానిది. లియో బేక్‌లండ్ దీనిని 1907లో తయారుచేశాడు.

మోటారు సైకిలు మీద కనిపించే ప్లాస్టిక్కులు దాదాపు అన్నీ మొదటి రకానివే. పక్క మూతలకు, తోక భాగానికి ఎక్కువగా ఏబీఎస్ వాడతారు. అక్రిలోనైట్రైల్, బ్యూటాడయీన్, స్టైరీన్ అనే మూడు పదార్థాల పేర్లలోని మొదటి అక్షరాలే ఆ పేరు. గాలి వడపోత పెట్టెకు, కొన్ని మడ్‌గార్డులకు పాలీప్రొపిలీన్ వాడతారు. ముందు దీపం అద్దం పాలీకార్బొనేట్. ఈ మూడు పేర్లు జ్ఞాపకం పెట్టుకోండి. అతుకు పద్ధతి వీటి మీదే ఆధారపడుతుంది.

పగులుకు మూడు కారణాలు

మొదటిది అదురు. ఇంజను నిమిషానికి 4,500 సార్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 75 సార్లు. నాలుగు గంటలు ఆగకుండా నడిపితే ఎన్ని అదుర్లు? 75ను 3,600తోనూ, మళ్ళీ 4తోనూ హెచ్చవేయండి. 10,80,000 వస్తుంది! ఒక్క పూటలో పది లక్షలు దాటిందన్నమాట. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు, అదేచోట అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. ఈ గుణాన్ని పదార్థాల అలసట అంటారు. మనిషిలాగే పదార్థమూ అలసిపోతుంది. తేడా ఏమంటే, పదార్థం నిద్రపోయినా కోలుకోదు.

రెండవది వ్యాకోచం. వేడికి ప్లాస్టిక్ ఇనుము కన్నా చాలా ఎక్కువగా సాగుతుంది. 40 సెంటీమీటర్ల ఏబీఎస్ మూత ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక మిల్లీమీటరు పొడవెక్కుతుంది. దానిని మోసే ఇనుప చట్రం అందులో ఏడో వంతు మాత్రమే పెరుగుతుంది. అందుకే మూతకు పెట్టే రంధ్రాలు బోల్టు కన్నా కాస్త పెద్దవిగా ఉంటాయి, మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. ఆ బుష్ ఊడిపోయినా, "గట్టిగా ఉండాలి" అని ఎవరైనా బోల్టును మరీ బిగించినా మూత కదలడానికి చోటుండదు. అప్పుడు పగులు ఆ రంధ్రం దగ్గరే పుడుతుంది. మీ వీధిలోని పాత బండ్లను పరీక్షించండి. పగుళ్ళలో ఎక్కువ భాగం బోల్టు రంధ్రాల నుండే మొదలై ఉంటాయి.

మూడవది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులను తెంపుతాయి. ఏబీఎస్‌లో బ్యూటాడయీన్ రబ్బరు రేణువులు ఉంటాయి. పగులు ఎదురుగా వచ్చినప్పుడు ఆ మెత్తని రేణువులు దాని శక్తిని మింగి ఆపుతాయి. కాని ఎండకు ముందుగా చెడిపోయేది ఆ రబ్బరే. మే నెలలో మన ప్రాంతంలో ఎండ ఎంత తీవ్రమో మీకు తెలుసు. ఏళ్ళ తరబడి చెట్టునీడ లేకుండా నిలిపిన బండి ప్లాస్టిక్ పసుపు పచ్చబడి, పెళుసెక్కి, చిన్న దెబ్బకే పగలడానికి ఇదే కారణం.

పగులు మొన సూది మొన

ఇప్పుడొక చిత్రమైన ప్రశ్న. పెద్ద పలకలో చిన్న పగులు ఉంటే, మిగిలిన పలకంతా గట్టిగానే ఉంది కదా, అది ఎందుకు పాకుతుంది? కొత్త గుడ్డను చేతులతో లాగి చింపడం కష్టం. కాని అంచున కత్తెరతో చిన్న గాటు పెడితే సర్రున చినుగుతుంది. బలమంతా గాటు మొన దగ్గర పోగవుతుందన్నమాట.

ఎంత పోగవుతుందో 1913లో ఇంగ్లండులో చార్లెస్ ఇంగ్లిస్ లెక్కగట్టాడు. ఆ లెక్క మీరూ చేయవచ్చు. పగులు పొడవును దాని మొన వ్యాసార్ధంతో భాగించండి. వచ్చినదానికి వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, 1 కలపండి. మొన దగ్గర ప్రతిబలం మామూలు కన్నా అన్ని రెట్లు ఉంటుంది. అంచు నుండి లోపలికి 10 మిల్లీమీటర్లు పాకిన పగులు తీసుకుందాం. మొన చాలా పదును కాబట్టి వ్యాసార్ధం 0.001 మిల్లీమీటరు అనుకుందాం. భాగిస్తే 10,000, వర్గమూలం 100, రెట్టింపు 200, ఒకటి కలిపితే 201. చేతికి తెలియని చిన్న అదురు ఆ మొన దగ్గర 201 రెట్లయి కూర్చుంటుంది!

ఇప్పుడు మొన మీద సరిగ్గా 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని రంధ్రం వేద్దాం. మొన వ్యాసార్ధం 1.5 మిల్లీమీటర్లు అవుతుంది. రంధ్రంతో కలిపి పొడవు 11.5 మిల్లీమీటర్లు. లెక్కవేస్తే సుమారు ఆరున్నర వస్తుంది. 201 ఎక్కడ, ఆరున్నర ఎక్కడ! పగిలినచోట ఇంకా రంధ్రం చేస్తే బలహీనపడుతుందని మనకు తోస్తుంది. నిజానికి ఆ రంధ్రమే పగులుకు అడ్డుకట్ట. మెకానిక్కులు అద్దానికీ రేకుకూ కూడా ఈ ఉపాయం వాడతారు.

పగులు మొనను చిన్నచూపు చూడరాదని ప్రపంచానికి నేర్పిన విషాదం ఒకటి ఉంది. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్ఛిన్నమై కూలిపోయాయి. ఇంగ్లండులో అదే రకం విమానాన్ని పెద్ద నీటితొట్టెలో ఉంచి, లోపలి పీడనాన్ని పదేపదే పెంచి తగ్గించి పరీక్షించారు. చివరకు కిటికీ మూల దగ్గర లోహపు రేకు చిరిగిపోయింది. అలసట, మూల దగ్గర పోగుపడే ప్రతిబలం రెండూ కలిసి చేసిన పని అది. నేడు విమానాల కిటికీలు గుండ్రని మూలలతో ఉండడం మీరు బొమ్మల్లో చూసే ఉంటారు.

ఇది ఏ ప్లాస్టిక్?

మందు వేయడానికి ముందు రోగం తెలియాలి. విప్పిన భాగం లోపలివైపు తడిమి చూడండి. చాలా బండ్లలో పోతపోసిన చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఏబీఎస్ అని ఉంటే ఏబీఎస్, పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్, పీసీ అని ఉంటే పాలీకార్బొనేట్.

అక్షరాలు లేకపోతే ఆర్కిమెడీస్ సూత్రం ఉండనే ఉంది. లోపలి అంచు నుండి గోరంత ముక్క కోసి, రంగు గీకి, నీటిలో వేయండి. తేలితే పాలీప్రొపిలీన్ కావచ్చు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములే. మునిగితే ఉప్పునీటిలో వేయండి. 900 గ్రాముల నీటిలో 100 గ్రాముల ఉప్పు కరిగిస్తే ఆ ద్రావణం సాంద్రత 1.07 ఉంటుంది. ఏబీఎస్ సాంద్రత సుమారు 1.05 కాబట్టి అందులో తేలుతుంది. పాలీకార్బొనేట్ సాంద్రత 1.2, అది మునుగుతుంది. ముక్కకు గాలిబుడగలు అంటుకోకుండా ముందుగా సబ్బునీటి చుక్కలో ముంచాలి. ప్లాస్టిక్‌లో కలిపిన సుద్దపొడి వంటివి సాంద్రతను మార్చవచ్చు. అందుచేత అక్షరాలు కనిపిస్తే వాటినే నమ్మండి. కాల్చి వాసన చూసే పద్ధతి మాత్రం వద్దు. ఆ పొగ విషం.

నాలుగు రకాల అతుకులు

1. ద్రావణి అతుకు: కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారో తెలుసా? తెల్లపొణికి కర్రతో తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి జిగురులో రంపపుపొట్టు కలిపి మక్కు తయారుచేస్తారు. ఆ మక్కుతోనే భాగాలను అతికి, సందులు పూడుస్తారు. కర్రను కర్రపొట్టుతోనే అతకడంలో ఎంత తెలివి ఉందో చూడండి!

ఏబీఎస్‌కు కూడా మక్కు చేయవచ్చు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో కొన్ని రకాలు ఎసిటోన్‌తో చేసినవి. ఎసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది. అదే మూత లోపలి అంచు నుండి గీకిన పొట్టును గాజుసీసాలో కొద్దిపాటి ఎసిటోన్‌లో నానబెడితే తేనెలాంటి ముద్ద అవుతుంది. పగులు అంచులకు దానిని రాస్తే అంచులు కూడా కాస్త కరుగుతాయి. రెండువైపుల గొలుసులూ విడివడి ఒకదానిలోకి ఒకటి జొరబడతాయి. ఎసిటోన్ ఆవిరైపోగానే అక్కడ మిగిలేది ఏబీఎస్ మాత్రమే. తెగిన తాడును ముడివేయకుండా రెండు కొసలనూ విప్పి కలిపి పేనినట్టు అవుతుంది. పైకి కొద్ది నిమిషాలలోనే ఆరినా, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. కనుక రాత్రి బసలో అతికి, తెల్లవారాక బయలుదేరడం మేలు.

2. వేడి అతుకు: వెనుక మన ఊళ్ళలోకి ప్లాస్టిక్ బిందెలు అతికేవారు వచ్చేవారు. కాల్చిన ఇనుప కడ్డీతో పగులు అంచులను కరిగించి, పాత ప్లాస్టిక్ ముక్కను పైన పరిచేవారు. బడికి వెళ్ళకుండానే వారు పాలిమరు విజ్ఞానాన్ని చేతిలో పెట్టుకున్నారు! కరిగిన ప్లాస్టిక్‌లో పొడవాటి గొలుసులు పుట్టలో పాము పాకినట్టు పాకి, అవతలి గొలుసులతో చిక్కుపడతాయి. ఈ పాము నడకను 1971లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పియరీ జిల్ డి జెన్ వివరించాడు. 1991లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాకడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే వేడిని పెట్టి వెంటనే తీసేస్తే అతుకు పైపైనే ఉండి విడిపోతుంది.

దారిలో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే ఏ దుకాణంలోనైనా సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది. స్టేప్లరు పిన్నులను పగులుకు అడ్డంగా, లోపలివైపు, వేడితో ప్లాస్టిక్‌లోకి దింపితే కాంక్రీటులో ఇనుప ఊచల్లాగ పనిచేస్తాయి. ఏబీఎస్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే మెత్తబడుతుంది; పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడి 300 డిగ్రీలు దాటుతుంది కనుక ఒకేచోట ఎక్కువసేపు ఆనించరాదు. ప్లాస్టిక్ కరగాలి గాని పొగ రాకూడదు. పొగ వస్తే గొలుసులు తెగి కాలిపోతున్నాయన్నమాట. పైగా ఏబీఎస్ పొగ చాలా హానికరం. పని ఆరుబయటే చేయాలి.

3. జిగురు అతుకు: "మాస్టారూ, ఫెవిక్విక్ వేస్తే చేతివేళ్ళు అతుక్కున్నాయి గాని మడ్‌గార్డు అతుక్కోలేదు. ఎందుకండీ?" అని మా ఎనిమిదో తరగతి కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ జిగురు పేరు సయనోఎక్రిలేటు. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ దీనిని తయారుచేసి, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని విసుగెత్తి పక్కన పెట్టాడు. తరువాత దాని విలువ తెలిసి 1958లో అమ్మకానికి వచ్చింది. గాలిలోను, వస్తువుల మీదను ఉండే తేమ తగలగానే దాని అణువులు క్షణాలలో గొలుసులుగా కలుస్తాయి. మన వేళ్ళకు చెమట తడి ఉంటుంది కదా, అందుకే అంత త్వరగా పట్టుకుంటుంది.

మరి మడ్‌గార్డు సంగతేమిటి? తామరాకు మీద నీటిబొట్టును చూడండి. ఆకును తడపకుండా జారిపోతుంది. పాలీప్రొపిలీన్ ఉపరితలం జిగురు పట్ల అలాగే ప్రవర్తిస్తుంది. తడపలేని జిగురు అతకలేదు. ఆ కుర్రవాడి మడ్‌గార్డు లోపల చూస్తే పీపీ అని రాసి ఉంది! దానికి వేడి అతుకో, కుట్టో గాని జిగురు పనికిరాదు. ఏబీఎస్‌కు మాత్రం ఈ జిగురు బాగా పడుతుంది. సందు వెడల్పుగా ఉంటే కొద్దిగా వంటసోడా చల్లి, పైన జిగురు చుక్కలు వేస్తే వెంటనే రాయిలా గట్టిపడుతుంది. క్షారగుణం గల సోడా ఆ చర్యను వేగవంతం చేస్తుంది, సందునూ పూడుస్తుంది. అయితే ఆ అతుకు పెళుసు. అదురును చాలాకాలం తట్టుకోదు. రెండు ముద్దలు కలిపి పిసికే ఎం-సీల్ వంటి ఎపాక్సీ మందంగా వేస్తే మరికొంత బలం వస్తుంది. దానిని వేసే ముందు ఉపరితలాన్ని ఉప్పుకాగితంతో గరుకు చేయాలి, నూనె మరకలు లేకుండా తుడవాలి.

4. కుట్టు: ఏమీ దొరకనిచోట కుట్టే దిక్కు. పగులుకు ఇరువైపులా ఒక సెంటీమీటరు ఎడంగా జంట రంధ్రాలు చేసి, సన్నని తీగగాని ప్లాస్టిక్ టైగాని దూర్చి బిగించాలి. విస్తరి కుట్టినట్టన్నమాట. చూడ్డానికి అందంగా ఉండదు. కాని ఏ ప్లాస్టిక్కయినా ఒప్పుకుంటుంది, తడిసినా ఊడదు. గుండ్రని రంధ్రాలే చేయండి. ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు.

దారిలో చేయవలసిన వరుస

ఒక మోటారు సైకిలు తిరువూరు నుండి జగదల్‌పూర్ వెళ్తోందనుకుందాం. భద్రాచలం దాటాక పక్కమూత గడగడలాడుతోంది. ఏం చేయాలి? మొదట బండిని రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, పొగగొట్టం చల్లారే వరకు ఆగాలి. ఊగే ముక్క చక్రానికి గాని గొలుసుకు గాని తగిలేలా ఉంటే విప్పి సంచిలో పెట్టుకోవాలి. ఊడిన ముక్కలు పారేయకూడదు. అవే తరువాత మక్కుకు పొట్టు అవుతాయి.

తరువాత పగులు ఎంతవరకు పాకిందో చూడాలి. ఏబీఎస్‌ను కొంచెం వంచితే మొన దగ్గర తెల్లని గీత కనిపిస్తుంది. కంటికి కనపడనంత చిన్న ఖాళీలు ఏర్పడి వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ తెలుపు వస్తుంది. ఆ గీత చివరనే అడ్డుకట్ట రంధ్రం వేయాలి. డ్రిల్లు లేకపోతే కాల్చిన మేకుతో చేయవచ్చు. అప్పుడు ప్లాస్టిక్ రకం చూసుకుని తగిన అతుకు వేయాలి. అతుకు ఎప్పుడూ లోపలివైపు మందంగా ఉండాలి.

చివరిది, అందరూ మరిచిపోయేది ఒకటుంది. పగులుకు కారణాన్ని తొలగించాలి. ఊడిన రబ్బరు బుష్ స్థానంలో పాత సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి వాషరుగా వేయవచ్చు. బోల్టును కదలకుండా బిగించాలి గాని ప్లాస్టిక్ నొక్కుకుపోయేలా బిగించకూడదు. కారణం మిగిలితే అదే పగులు అతుకు పక్కన మళ్ళీ పుడుతుంది.

అతకకూడనివి

హెల్మెట్టు పగిలితే ఏ జిగురుతోనూ అతకరాదు. హెల్మెట్టు పైడొప్ప లోపల థర్మోకోలు వంటి పొర ఉంటుంది. తల నేలకు తగిలినప్పుడు ఆ పొర నలిగి, దెబ్బ శక్తిని తాను తీసుకుంటుంది. నలిగిన పొర మళ్ళీ ఉబ్బదు. అది ఒక్కసారే ప్రాణం కాపాడుతుంది. పైన అతికి రంగు వేస్తే కంటికి కొత్తదిగా కనపడవచ్చు గాని తలకు రక్షణ ఇవ్వదు. పాలీకార్బొనేట్ డొప్పలకు ఎసిటోన్, పెట్రోలు, ఘాటైన రంగులు తగిలితే సన్నని పగుళ్ళు పడతాయి. కాబట్టి హెల్మెట్టును పెట్రోలు గుడ్డతో తుడవడం కూడా తప్పే, సబ్బునీరు చాలు. మన దేశంలో హెల్మెట్లకు ఐఎస్ 4151 అనే ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనమని ఇంట్లో పెద్దలకు చెప్పండి.

పెట్రోలు ఉండే ఏ భాగం దగ్గరా వేడి అతుకు వేయరాదు. ముందు మడ్‌గార్డు చక్రానికి ఆనుకుని ఉంటుంది. అది విరిగి లోపలికి జారితే చక్రం ఒక్కసారిగా ఆగి మనిషి ఎగిరిపడవచ్చు. దానికి వేసిన అతుకు మీద నమ్మకం లేకపోతే మెకానిక్ చేత విప్పించి, మార్పించిన తరువాతే ముందుకు సాగాలి. గాలి వడపోత పెట్టె పగిలితే దుమ్ము నేరుగా ఇంజనులోకి పోయి లోపలి భాగాలను అరగదీస్తుంది. దానిని తాత్కాలికంగా మూసినా, ఊరు చేరగానే మార్చాలి. దారిలో వేసే అతుకులన్నీ ఇల్లు చేర్చడానికేనని గుర్తుంచుకోవాలి.

ఎసిటోన్ 56 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు కూడా దాని ఆవిరి నిప్పు అందుకుంటుంది. సయనోఎక్రిలేటు నూలుగుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. ఈ రెండింటినీ, సోల్డరింగ్ ఐరన్‌నూ పిల్లలు ఒంటరిగా ముట్టుకోకూడదు. పెద్దలు చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. ఎందుకలా చేస్తున్నారో మీరు వారికి చెప్పండి.

ప్లాస్టిక్‌ను గురించే చదువు చెప్పే సంస్థ ఒకటి మన దేశంలో ఉంది. 1968లో మద్రాసులో ప్రారంభమైన ఆ సంస్థను సిపెట్ అని పిలుస్తారు. విజయవాడ దగ్గర సూరంపల్లిలోనూ దాని కేంద్రం ఉంది. ఈ పాఠం నచ్చినవారికి అటువైపు దారి ఉందని తెలియాలనే ఈ మాట చెబుతున్నాను. పగిలిన ప్రతి వస్తువునూ చెత్తకుప్పలో వేస్తే అది మట్టిలో కలవడానికి తరాలు పడుతుంది. అతికిన ఒక్క మూత ఒక కొత్త మూతను ఆదా చేస్తుంది.

చేసి చూడండి

ఇంట్లో పారేసే సీసా మూత, పెన్ను గొట్టం, విరిగిన దువ్వెన, పాత బొమ్మల ముక్కలు పోగుచేయండి. మామూలు నీటిలో ఏవి తేలాయో, పైన చెప్పిన ఉప్పునీటిలో ఏవి తేలాయో పట్టిక వేయండి. వాటి మీద అక్షరాలు ఉంటే మీ ఫలితంతో సరిపోల్చండి.

ఒక కాగితం అంచున కత్తెరతో గాటు పెట్టి లాగండి. మరో కాగితానికి అంతే గాటు పెట్టి, దాని కొసన కాగితాలకు చిల్లులు వేసే పంచితో గుండ్రని రంధ్రం వేసి లాగండి. దేనికి ఎక్కువ బలం కావలసి వచ్చింది?

ఆలోచించండి

1. పగులు పొడవు 16 మిల్లీమీటర్లు, మొన వ్యాసార్ధం 0.01 మిల్లీమీటరు అయితే ప్రతిబలం ఎన్ని రెట్లు అవుతుంది? పొడవు మారకుండా మొన వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే ఎన్ని రెట్లు?

2. కుక్కరు బేకలైటు పిడి విరిగితే వేడి అతుకు ఎందుకు పనికిరాదు?

3. కొండపల్లి మక్కుకూ ఏబీఎస్ మక్కుకూ పోలిక ఏమిటి? తేడా ఏమిటి? చింతగింజల జిగురు కర్రను కరిగిస్తుందా?

4. మీ ఊరిలో విరిగిన వస్తువులను అతికే పనివారు ఎవరెవరు ఉన్నారు? వారు ఏ వస్తువుకు ఏ అతుకు వేస్తారో అడిగి రాయండి. ఆ అతుకు నిలవడానికి కారణమేమిటో మీ తరగతిలో చర్చించండి.